పక్షమూ ప్రమాణమూ: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల రాజకీయ వచనంపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఉత్తర కరీంనగర్ ప్రాంతానికి చెందిన మూడు సందర్భాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అవి 1978 నాటి జగిత్యాల రైతాంగ పోరాటం, కోరుట్ల ప్రాంతపు చెరకు, పసుపు రైతుల సమస్య, సిరిసిల్ల మరమగ్గాల కార్మికుల దుస్థితి. వీటి చుట్టూ అల్లుకున్న రాజకీయ వచనం ఆధారాన్ని చూసి తీర్పు చెప్పిందా, తీర్పు ముందే చెప్పి ఆధారాన్ని వెతికిందా అన్నది ఇక్కడి ప్రశ్న. భారతీయ తర్కశాస్త్రంలోని శబ్దం, కారణం, హేతువు అనే భావనలు పరిశీలనకు పనిముట్లు. నిబద్ధత వేరు, విధేయత వేరు అని నిరూపించడం లక్ష్యం.

కీలక పదాలు: పక్షం, ప్రమాణం, నిజనిర్ధారణ, నిబద్ధత, విధేయత, హేత్వాభాసం.

1. ఉపోద్ఘాతం

1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతు కూలీ సంఘాల పిలుపుమేరకు వేలాది గ్రామీణులు ఊరేగారు. వెట్టి, దొరల జరిమానాలు, కూలిరేట్లు, ఆక్రమణలో ఉన్న ఊరుమ్మడి భూములు ఆనాటి సమస్యలు. ఉద్యమ సాహిత్యం ఆ ఊరేగింపును 'జైత్రయాత్ర' అన్నది. రెండు నెలలు తిరగకుండానే, అక్టోబరులో, రాష్ట్ర ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను 'కల్లోలిత ప్రాంతాలు'గా ప్రకటించింది. నేల ఒకటే, జనం ఒకరే, కాలం కూడా ఒకటే. పేర్లు మాత్రం రెండు. మొదటి పేరులో గెలుపు ఉన్నది, రెండవ పేరులో నేరం ఉన్నది. ఏ ఊరిలో ఏమి జరిగిందో తెలుసుకోకముందే ఆ పేర్లు పాఠకునికి తీర్పును అందించాయి.

తెలుగులో 'పక్షం' అన్న మాటకు రాజకీయార్థం స్థిరపడిపోయింది. అధికారపక్షం, ప్రతిపక్షం, పక్షపాతం మొదలైన వాడుకలన్నింటిలో పక్షమంటే మనిషి నిలబడి ఉన్న వైపు. తర్కశాస్త్రంలో ఆ మాటకు అర్థం వేరు. కొండమీద పొగను చూసి నిప్పు ఉన్నదని ఊహించేటప్పుడు కొండ పక్షం, నిప్పు సాధ్యం, పొగ హేతువు. అంటే సాధ్యం ఉన్నదో లేదో ఇంకా తేలని చోటు పక్షం. సందేహం తీరనంతవరకే దానికి ఆ పేరు. తర్కంలో పక్షం నిరూపణ కోసం ఎదురుచూస్తుంది, రాజకీయంలో నిరూపణ అక్కరలేదనుకుంటుంది. ఈ తేడాను గుర్తించని విమర్శ రాజకీయ రచనను చదవలేదు, అది ఎవరిదో మాత్రం చెప్పగలుగుతుంది.

గౌతముని న్యాయసూత్రాలు చర్చను వాదం, జల్పం, వితండం అని మూడు విధాలుగా విభజించాయి. తత్త్వనిర్ణయం కోసం చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం, తన పక్షాన్ని స్థాపించకుండా ఎదుటివారిని ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండం. పార్టీ వచనం చాలావరకు జల్పంగా మొదలై వితండంగా ముగుస్తుంది. ఈ మూడు సందర్భాలలో ఆ క్రమం ఎట్లా నడిచిందో పరిశీలించవలసి ఉన్నది.

2. 'ఎటువైపు' అన్న ప్రశ్న

ఈ పరిశీలనకు ఒక బలమైన ఆక్షేపణ ఎదురవుతుంది. 1970లో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సందర్భంగా విద్యార్థులు ఒక కరపత్రం వేసి, రచయితలు ఎటువైపో తేల్చుకోవాలని నిలదీశారు. ఆ సంవత్సరం జూలై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. ఆ ప్రశ్న వెనుక నైతిక బలం ఉన్నది. దొర గడీ ముందు చెప్పులు చేతపట్టుకొని నడిచే మనిషి గురించి రాసేవాడు తాను తటస్థుడనని అంటే, ఆ తటస్థత గడీకే ఉపయోగపడుతుంది. అటువంటప్పుడు ఆధారాల పేరిట పక్షాన్ని విడిచిపెట్టమనడం పీడితులను విడిచిపెట్టమనడం కాదా అన్నది ఆక్షేపణ.

కాదు. పీడితుని వైపు నిలబడడం నిబద్ధత. పీడితుని పేరు చెప్పుకొనే సంస్థ ఏది చెప్పినా నమ్మడం విధేయత. నిబద్ధత ఏ ప్రశ్న అడగాలో నిర్ణయిస్తుంది, విధేయత ఏ జవాబు రావాలో నిర్ణయిస్తుంది. కూలికి న్యాయం జరగాలని కోరేవానికి, ఆ కూలికి నిజంగా ఏమి జరిగిందో తెలియడం అందరికంటే ఎక్కువ అవసరం. తెలుగు విమర్శ 1970 తరువాత 'ఎటువైపు' అన్న ప్రశ్నను పదేపదే అడిగింది. 'ఎట్లా తెలిసింది' అన్న రెండవ ప్రశ్నను అంత పట్టుదలగా అడగలేదు.

అల్లం రాజయ్య నవల 'కొలిమంటుకున్నది' (1979) కరీంనగర్ రైతాంగ జీవితాన్ని, అక్కడి పలుకుబడిని నవలలోకి తెచ్చింది. ఆ నవలను పోరాట విజయపత్రంగా చదివే ధోరణి ఒకటి, ప్రచారసాహిత్యమని పక్కనపెట్టే ధోరణి మరొకటి కనిపిస్తాయి. రెండింటికీ నవల తెరవకుండానే జవాబు దొరుకుతుంది. కూలిరేటు గురించిన మాట ఎవరి నోట ఎప్పుడు వస్తుంది, భయం ఏ క్రమంలో వీడుతుంది, దొర పాత్ర మనిషిగా నిలిచిందా గుర్తుగా మిగిలిందా, స్త్రీల శ్రమకు కథనంలో ఎంత చోటున్నది అన్నవి పుస్తకంలోకి వెళ్లి తేల్చుకోవలసిన ప్రశ్నలు. వాటికి వచ్చే జవాబులు ఒక అభిమానికి రుచించకపోవచ్చు, ఒక విరోధిని ఆశ్చర్యపరచవచ్చు. అట్లా జరగడానికి అవకాశమున్న పఠనమే విమర్శ.

3. జగిత్యాల: ఎవరి మాట ప్రమాణం?

ప్రమాణాలలో శబ్దం ఒకటి. అయితే ప్రతి మాటా శబ్దప్రమాణం కాదు. ఆప్తుని వాక్యమే ప్రమాణం. విషయాన్ని ఉన్నదున్నట్లు తెలిసి, తెలిసినదాన్ని తెలిసినట్లు చెప్పేవాడే ఆప్తుడు. తనవాడు కావడం ఆప్తత్వానికి లక్షణం కాదు. రాజకీయ వచనం సరిగా ఇక్కడే దారి తప్పుతుంది. 'ఆప్తుడు' అంటే దగ్గరివాడన్న వాడుకభాషార్థాన్ని తీసుకొని, దగ్గరివాడు చెప్పినదే ప్రమాణమనుకుంటుంది.

1978 తరువాతి రెండు దశాబ్దాల కరీంనగర్ వార్తా వచనంలో రెండు మాటలు ఎదురెదురుగా నిలిచాయి. పోలీసు ప్రకటన 'ఎదురుకాల్పులు' అన్నది, ఉద్యమ ప్రకటన 'బూటకపు ఎన్‌కౌంటర్' అన్నది. రెండూ సంఘటనను వర్ణించే మాటలవలె కనిపిస్తాయి కాని నిజానికి తీర్పులు. అదేవిధంగా 'సంఘవిద్రోహశక్తి', 'ఇన్ఫార్మర్' అన్నవి కూడా విచారణ లేకుండానే శిక్షను సమర్థించే నామవాచకాలు. మొదటిది రాజ్యం వాడినది, రెండవది సాయుధ దళాలు వాడినది. వ్యాకరణంలో వాటి పని ఒక్కటే.

ఈ రెండు వచనాల నడుమ మూడవ వచనమొకటి ఏర్పడింది. అది పౌరహక్కుల సంఘాల నిజనిర్ధారణ నివేదిక. అత్యవసర పరిస్థితి కాలపు ఎన్‌కౌంటర్లపై 1977లో తార్కుండే కమిటీ జరిపిన విచారణ ఆంధ్రప్రదేశ్‌లో ఈ పద్ధతికి గుర్తింపు తెచ్చింది. నిజనిర్ధారణ నివేదిక శైలిని తెలుగు సాహిత్య విమర్శ పెద్దగా పట్టించుకోలేదు. అందులో విశేషణాలు తక్కువ. ఊరు, తేదీ, వేళ, కలిసిన మనుషులు, గాయం ఉన్న చోటు, పంచనామాలో ఉన్నది, లేనిది అన్నవే దాని సామగ్రి. సాక్షుల మాటలలో పొత్తు కుదరనిచోట ఆ సంగతి కూడా నమోదు కావాలి. చదివినవారు తిరిగి ఆ ఊరికి వెళ్లి సరిచూసుకోగలగాలి. సరిచూసుకునే వీలు కల్పించడమే ఈ వచనపు నీతి.

ఈ పని చేసినవారు దానికి ప్రాణాలతో మూల్యం చెల్లించారు. పౌరహక్కుల సంఘానికి చెందిన న్యాయవాది గోపి రాజన్న 1985లో జగిత్యాలలో, జాపా లక్ష్మారెడ్డి 1986లో కరీంనగర్‌లో హత్యకు గురయ్యారు. ఆధారాలు సేకరించడం ఏ పక్షమూ కాకుండా తప్పించుకొనే పని అనేవారికి ఈ రెండు మరణాలు జవాబు.

ఈ వచనాన్ని దాని చివరి పర్యవసానం దాకా తీసుకుపోయినవారు కె. బాలగోపాల్. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన ఆయన 1983 నుంచి పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శిగా రాజ్యహింసను నమోదు చేశారు. పోలీసు కథనాన్ని ఏ ప్రశ్నలతో పరీక్షించారో, 1990లలో సాయుధ దళాల చర్యలనూ అవే ప్రశ్నలతో పరీక్షించడం మొదలుపెట్టారు. ఇన్ఫార్మరని చంపినప్పుడు ఆ సంగతి ఎట్లా తేలింది? చనిపోయినవానికి చెప్పుకొనే అవకాశం ఎవరిచ్చారు? ఈ ప్రశ్నలు సంఘంలో తీవ్ర విభేదాలకు దారితీశాయి. 1998లో ఆయన, మరికొందరు బయటకు వచ్చి మానవ హక్కుల వేదికను స్థాపించారు. ఆయన ధోరణిలో సమదూరం పాటించాలన్న కోరిక కంటే కొలత ఒకటిగా ఉండాలన్న పట్టుదల ప్రధానమైనది. రాజ్యానికి చట్టం, రాజ్యాంగం అనే బాధ్యతలున్నందున దాని హింస స్వభావం వేరని ఆయన మరువలేదు. నేర స్వభావాలు వేరైనా సాక్ష్యానికి ఉండవలసిన నాణ్యత వేరు కాదన్నదే ఆయన రచనాపద్ధతి నుంచి గ్రహించవలసిన సూత్రం.

4. కోరుట్ల: ఏది ముందు, ఏది వెనుక?

తర్కశాస్త్రం ప్రకారం కారణం కార్యానికి ముందు నియతంగా ఉండాలి, అన్యథాసిద్ధం కాకూడదు. అంటే కార్యం మరొక విధంగా సిద్ధిస్తున్నప్పుడు పక్కన కనిపించిన ప్రతిదీ కారణమైపోదు. కోరుట్ల ప్రాంతపు రెండు ఉదాహరణలు ఈ నియమాన్ని పరీక్షకు పెడతాయి.

మొదటిది ముత్యంపేట చక్కెర కర్మాగారం. నిజాం షుగర్స్‌కు చెందిన ఈ కర్మాగారం మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతపు చెరకు రైతులకు ఆధారం. 2002లో తెలుగుదేశం ప్రభుత్వ కాలంలో నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా ప్రైవేటు సంస్థకు వెళ్లింది. ఆ తరువాతి కాంగ్రెస్ ప్రభుత్వం శాసనసభా సంఘాన్ని వేసినా ఒప్పందం రద్దు కాలేదు. తెలంగాణ ఏర్పడిన తరువాత, తెలంగాణ రాష్ట్ర సమితి పాలనలో, 2015 డిసెంబరులో బోధన్, ముంబోజిపల్లిలతోపాటు ముత్యంపేట కర్మాగారమూ మూతపడింది. ఇది ఒక గొలుసు. ఏ ఒక్క కొక్కెం తీసివేసినా కథ మారేది. పార్టీ వచనం మాత్రం గొలుసులో తనకు అవసరమైన ఒక్క కొక్కెం పట్టుకొని లాగుతుంది. ఒకరి కథ 2002తో ముగుస్తుంది, మరొకరి కథ 2015తో మొదలవుతుంది. రైతుకు మాత్రం చెరకు వేయడం మానుకున్న కథ మొత్తం తెలుసు.

రెండవది పసుపు. కోరుట్ల, జగిత్యాల శాసనసభా నియోజకవర్గాలు నిజామాబాదు లోక్‌సభ స్థానంలో భాగం. 2019 ఎన్నికలలో ఆ స్థానానికి 185 మంది పోటీ చేశారు. వారిలో 178 మంది రైతులు. పసుపుకు క్వింటాలుకు 15,000 రూపాయలు, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు గిట్టుబాటు ధర, పసుపు బోర్డు వారి డిమాండ్లు. జనరల్ అభ్యర్థికి 25,000 రూపాయల ధరావతు. అది తిరిగి రాదని తెలిసే వారు నామినేషన్లు వేశారు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండేసి బ్యాలెట్ యూనిట్లు పెట్టవలసి వచ్చింది. ఒక సమస్య తన పేరుతో తాను పోటీ చేసిన అరుదైన సందర్భమిది.

ఫలితం వెలువడగానే ఆ 178 నామినేషన్లను పార్టీలు తమ తమ కథలలో కలుపుకున్నాయి. ఓడినవారికి అది ప్రత్యర్థుల పన్నాగం, గెలిచినవారికి అది తమకు వచ్చిన తీర్పు. రెండు కథనాలలోనూ రైతు ఇంకొకరి చేతి పనిముట్టు. గెలిచిన అభ్యర్థి పసుపు బోర్డు తెస్తానని స్టాంపు కాగితంపై రాసిచ్చిన హామీ తరువాతి ఐదేళ్ల వాదప్రతివాదాలకు కేంద్రమయింది. జాతీయ పసుపు బోర్డు ఏర్పాటును 2023 అక్టోబరు 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధానమంత్రి ప్రకటించారు. 2025 జనవరి 14న బోర్డు ప్రారంభమయింది. ఇప్పుడు ఒక పక్షం హామీ నెరవేరిందంటుంది, మరొక పక్షం బోర్డు వల్ల ఒరిగిందేమీ లేదంటుంది.

ఆధారం చూసేవారు ముందుగా రెండు ప్రశ్నలను విడదీయాలి. హామీ నెరవేరిందా అన్నది ఒకటి, రైతుకు మేలు జరిగిందా అన్నది ఇంకొకటి. మొదటిదానికి జవాబు తేదీలలో ఉన్నది. బోర్డు వచ్చింది, చెప్పిన గడువు దాటి వచ్చింది. ఈ రెండు ముక్కలనూ కలిపి ఒకే వాక్యంలో చెప్పడం ఏ పక్షానికీ ఇష్టం ఉండదు. రెండవదానికి జవాబు మార్కెట్ యార్డులో ఉన్నది. 2024 ఆరంభంలో నిజామాబాదు మార్కెట్‌లో పసుపు ధర క్వింటాలుకు 15,000 రూపాయలు దాటింది. అప్పటికి బోర్డు పనిచేయడం మొదలుకాలేదు. అంతకుముందు సంవత్సరాలలో ధర పడిపోయి రైతులు సాగు తగ్గించుకోవడంతో సరుకు రాక తగ్గింది. కాబట్టి ఆ పెరుగుదలను బోర్డు ఖాతాలో వేయడం, కారణం కార్యానికి ముందుండాలన్న నియమానికి విరుద్ధం. ప్రకటన వల్లనే వర్తకులు ధర పెంచారని వాదించేవారు ఉంటే, ప్రకటనతో సంబంధం లేని మార్కెట్లలో పెరగని ధర నిజామాబాదులో పెరిగిందని చూపవలసి ఉంటుంది.

అదే కొలత ఎదుటి వాదానికీ వర్తిస్తుంది. బోర్డు వచ్చిన మొదటి ఏడాదిలోనే ప్రయోజనం శూన్యమనడం పరీక్ష పూర్తికాకముందే మార్కులు వేయడం. పసుపు పంట చేతికి రావడానికే ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. నిల్వ, ఉడకబెట్టడం, నాణ్యత పరీక్ష, ఎగుమతి మొదలైన వాటిలో మార్పు వచ్చిందో లేదో కొన్ని పంటకాలాల తరువాతనే తెలుస్తుంది. పసుపు ఈనాటికీ కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో లేదు. 178 మంది అడిగిన ధర హామీ, వచ్చిన బోర్డు ఒకటి కావన్న మౌలిక విషయం ఇరుపక్షాల వాదంలోనూ మరుగున పడింది.

5. సిరిసిల్ల: చావుల లెక్క ఎక్కడ మొదలవుతుంది?

హేతువు సాధ్యం ఉన్నచోటా, లేనిచోటా కూడా కనిపిస్తే అది సవ్యభిచారమనే హేత్వాభాసం. అటువంటి హేతువు దేనినీ నిరూపించలేదు. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుల ఆత్మహత్యలపై వెలువడే పార్టీ ప్రకటనలు ఈ దోషానికి పాఠ్యగ్రంథం వంటివి.

సిరిసిల్లలో ఆత్మహత్యలు తెలుగుదేశం కాలంలో ఉన్నాయి, కాంగ్రెస్ కాలంలో ఉన్నాయి, తెలంగాణ రాష్ట్ర సమితి కాలంలో ఉన్నాయి, 2023 డిసెంబరు తరువాతి కాంగ్రెస్ కాలంలోనూ ఉన్నాయి. ప్రతి ప్రతిపక్షమూ తాను అధికారం కోల్పోయిన మరునాటి నుంచి లెక్క మొదలుపెడుతుంది, అధికారం వచ్చిన మరునాడు ఆపివేస్తుంది. చావు ఒక్కటే అయినా ఒక ఏడాది అది హత్యగానూ, మరొక ఏడాది కుటుంబ కలహంగానూ నమోదవుతుంది. అన్ని పాలనలలోనూ కనిపించినదాన్ని ఒక్క పాలనకే ప్రత్యేక నేరంగా చూపడం సవ్యభిచారం.

ఇంతమాత్రాన ఏ ప్రభుత్వానికీ బాధ్యత లేదని తేలదు. పార్టీ పేరు తీసివేసి పరిశ్రమ నిర్మాణాన్ని చూస్తే బాధ్యతను మరింత కచ్చితంగా చెప్పవచ్చు. నూలు, పెట్టుబడి ఉన్న యజమాని ఒకరు. నాలుగు సాంచాలు పెట్టుకొని ఆ నూలును కూలికి నేసి ఇచ్చే ఆసామి మరొకరు. ఆ సాంచాల మీద మీటరు లెక్కన నేసే కార్మికుడు ఇంకొకరు. వీరితోపాటు వార్పిన్, వైపని పనివారు ఉంటారు. ఆర్డరు ఆగినప్పుడు యజమాని నూలు ఆపుతాడు, ఆసామి అప్పు వాయిదాలో చిక్కుతాడు, కార్మికునికి ఆ వారం కూలే ఉండదు. నష్టం కిందికి పోయేకొద్దీ త్వరగా చేరుతుంది, లాభం నిదానంగా దిగుతుంది.

2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డరు ఈ నిర్మాణంలోకి పని తెచ్చింది. ఇది కాదనలేని సంగతి. ఆర్డరు ఉన్న నెలలలో సాంచాలు నడిచాయి. ఆ ఆర్డరు సిరిసిల్లను ఒకే కొనుగోలుదారుపై, అదీ ప్రభుత్వంపై, ఆధారపడేటట్లు చేసిందన్నది కూడా కాదనలేనిదే. ప్రభుత్వం మారి ఆ పథకం నిలిచినప్పుడు, బకాయిలు పేరుకున్నప్పుడు, సాంచాలు ఆగాయి. తరువాత మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చినప్పుడు మళ్లీ కదిలాయి. ఆర్డరు ఉంటే పని, లేకుంటే ఆకలి అన్న ఈ అన్వయవ్యతిరేకాలు ఏ జెండానూ చూపడం లేదు. ఆర్డరును పథకంగా కాక నిలకడైన మార్కెట్‌గా మార్చలేని విధానాన్ని చూపుతున్నాయి. పథకం తెచ్చినవారు ఆధారపడడాన్ని పెంచినందుకు, ఆపినవారు ప్రత్యామ్నాయం లేకుండా ఆపినందుకు వేర్వేరుగా జవాబుదారులు. ఈ రెండు వాక్యాలనూ ఒకే ఊపిరిలో చెప్పగలిగిన ప్రకటన ఏ పార్టీ కార్యాలయం నుంచీ వెలువడదు. విశ్వవిద్యాలయం నుంచి వెలువడడానికి మాత్రం ఏ అభ్యంతరమూ ఉండకూడదు.

6. పార్టీ పుట్టుకతో వచ్చేది కాదు

పార్టీ విధేయత కులంవలె, ఇంటిపేరువలె పుట్టుకతో అంటుకుంటుందన్న భావన ఇప్పుడు బలపడుతున్నది. ఈ ప్రాంతచరిత్రే దీనికి విరుద్ధ సాక్ష్యం ఇస్తుంది. సిరిసిల్ల నుంచి కమ్యూనిస్టు పార్టీ తరఫున పలుమార్లు శాసనసభకు ఎన్నికైన చెన్నమనేని రాజేశ్వరరావు, మెట్‌పల్లి నుంచి భారతీయ జనతా పార్టీ శాసనసభ్యుడిగా, కరీంనగర్ నుంచి లోక్‌సభ సభ్యుడిగా గెలిచిన చెన్నమనేని విద్యాసాగరరావు అన్నదమ్ములు. ప్రసిద్ధ ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు వారి సోదరుడే. రాజేశ్వరరావు చివరిసారి 2004లో గెలిచినది తెలుగుదేశం అభ్యర్థిగా. ఒకే ఇంట్లో ఎర్రజెండా, కాషాయజెండా, గణాంకాల పుస్తకం కలిసి పెరిగాయి. జెండా ఎంచుకున్నది కనుక, దాన్ని ఎంచుకున్న కారణాన్ని అడగవచ్చు, కారణం చెల్లకపోతే మార్చుకోవచ్చు. పుట్టుకకు కారణం అడగలేము. పార్టీని పుట్టుకగా మార్చడమంటే కారణం అడిగే హక్కును వదులుకోవడమే.

7. ముగింపు

మూడు ఊళ్లూ మూడు పాఠాలు ఇస్తున్నాయి. తనవాడు కావడం ఆప్తత్వం కాదని జగిత్యాల, వెనుక వచ్చినది ముందున్నదానికి కారణం కాదని కోరుట్ల, అందరి కాలంలోనూ ఉన్నది ఒక్కరి నేరానికి రుజువు కాదని సిరిసిల్ల చెబుతున్నాయి. ఇవి కొత్త సిద్ధాంతాలు కావు. తెలుగు శాఖల పాఠ్యప్రణాళికలలో తర్కం ఒకప్పుడు అలంకారశాస్త్రానికి పక్కనే ఉండేది. రససిద్ధాంతాన్ని కావ్యానికి అన్వయించే విమర్శకులు హేత్వాభాసాలను రాజకీయ వచనానికి అన్వయించకపోవడం పరికరాల లోటు వల్ల కాదు. విశ్వవిద్యాలయాలలోనూ ప్రతి అధ్యాపకునికీ ఒక వైపు అంటగట్టి, ఆ వైపును బట్టి ఆయన పరిశోధనకు విలువకట్టే అలవాటు దీనికి ఒక కారణం కావచ్చు.

నిజనిర్ధారణ నివేదికలు, ఎన్నికల కరపత్రాలు, కార్మిక సంఘాల వినతిపత్రాలు, 2019 నాటి రైతుల డిమాండ్ పత్రాలు తెలుగు వచనచరిత్రలో భాగంగా సేకరణకూ, పాఠపరిష్కరణకూ, విమర్శకూ నోచుకోవలసి ఉన్నది. కాగితాలు చెదపట్టకముందే, వాటిని రాసినవారు జ్ఞాపకం చెప్పగలిగినప్పుడే ఆ పని జరగాలి. అప్పుడే 1978 నాటి జగిత్యాలను గురించి రాయబోయే పరిశోధకుడు జైత్రయాత్ర, కల్లోలిత ప్రాంతం అనే రెండు పేర్లలో ఒకదాన్ని ఎంచుకోవడంతో మొదలుపెట్టక, ఆ రోజు ఏ ఊరినుంచి ఎవరు వచ్చారు, ఏమి అడిగారు, తరువాత వారికేమైంది అన్న ప్రశ్నలతో మొదలుపెట్టగలుగుతాడు.